మీటరు నుంచి కారు దాకా ఆ వైరు ఎవరు లాగుతున్నారు సార్?

ఉత్తర తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థ అధికారులకు, రాష్ట్ర చీఫ్ ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్ గారికి, ఎలక్ట్రికల్ లైసెన్సింగ్ బోర్డు వారికి,

నమస్కారం.

నేను హనుమకొండలో ఇళ్ల వైరింగ్ పనులు చేసే లైసెన్స్ ఉన్న కాంట్రాక్టర్‌ని. అర్జీ రాసి ఆఫీసులో ఇస్తే ముద్ర వేసి ఫైల్లో పెడతారు, అది నాకూ తెలుసు మీకూ తెలుసు, అందుకే అందరూ చదివేటట్టు బహిరంగంగా రాస్తున్నాను. చెప్పాల్సింది ఒక్కటే. ఇళ్లలో కరెంటు కార్లకు ఛార్జర్లు బిగిస్తున్నవాళ్లలో చాలామందికి ఆ పని ఎవరూ నేర్పలేదు. నేర్చుకున్నారా లేదా అని అడిగేవాళ్లు కూడా లేరు.

బండ్లు కొనమని ప్రభుత్వమే చెబుతోంది, మంచిదే. 2024 నవంబర్ నుంచి రోడ్డు ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మొత్తం మాఫీ చేశారు, 2026 డిసెంబర్ 31 దాకా ఆ సౌకర్యం ఉంది. దాంతో ఇదివరకు హైదరాబాద్‌లోనే కనిపించిన కార్లు ఇప్పుడు నయీంనగర్‌లో, కాజీపేటలో, కరీంనగర్‌లో, మంచిర్యాలలో ఇళ్ల ముందు నిలబడి ఉన్నాయి. కారు మీద ఎన్నో పరీక్షలు చేసి రోడ్డు మీదికి వదులుతారు, ఛార్జర్‌కూ ప్రమాణాలున్నాయి, మీ లైనుకూ ఇంజినీర్లు ఉన్నారు. మధ్యలో మీటరు నుంచి కారు దాకా ఉన్న ఆ పదిహేను, ఇరవై మీటర్ల వైరు మాత్రం ఎవరికి తోస్తే వాళ్లు లాగుతున్నారు.

ఎవరు లాగుతున్నారంటే, ఒకటి, షోరూం వాళ్లు పంపే మనిషి. షోరూం ఛార్జర్ కంపెనీకి చెబుతుంది, ఆ కంపెనీ ఒక ఏజెన్సీకి ఇస్తుంది, ఏజెన్సీ ఇంకొకరికి ఇస్తుంది, చివరికి ఇంటికొచ్చేది బ్యాగు భుజాన వేసుకున్న ఇరవై రెండేళ్ల పిల్లగాడు. పొద్దున జనగామలో ఒకటి, మధ్యాహ్నం హనుమకొండలో ఒకటి, సాయంత్రానికి పరకాలలో ఇంకొకటి బిగించాలి. ఫ్రీగా ఇచ్చే వైరు ఇన్ని మీటర్లే అని ముందే రాసి ఉంటుంది కాబట్టి, మీటరు దగ్గరికి అందకపోతే దగ్గర్లో ఏ బోర్డు కనిపిస్తే అక్కడి నుంచే లాగేస్తాడు. ఆ పిల్లగాడిని నేను తిట్టడం లేదు. వాడికి పని అయిందని ఫొటో పంపితేనే డబ్బులు. ఎర్త్ (లీకైన కరెంటును మట్టిలోకి పంపే ఏర్పాటు) ఎంత ఉందో కొలవమని ఎవరూ చెప్పలేదు, కొలిచే మీటరు ఎవరూ ఇవ్వలేదు.

రెండోది, కాలనీలో అందరికీ తెలిసిన ఎలక్ట్రీషియన్. ఏసీ పెట్టింది ఆయనే, బోరు స్టార్టర్ బాగు చేసేది ఆయనే, కాబట్టి కారు ప్లగ్గు కూడా ఆయనే పెడతాడు. చేతిలో పని ఉన్న మనిషే, నా దగ్గర చేసి వెళ్లినవాళ్లలోనే అలాంటివాళ్లు ఉన్నారు. కానీ గీజరు పెట్టడం, కారు ఛార్జర్ పెట్టడం ఒకటే అనుకుంటున్నాడు, ఇబ్బందంతా అక్కడుంది.

ఒక ఇంటి సంగతి చెబుతాను, పేర్లు ఎందుకు. కారుతో పాటు వచ్చిన చిన్న ఛార్జర్‌ను గోడ ప్లగ్గులో పెడితే ఎర్ర లైటు వచ్చింది, ఛార్జ్ ఎక్కలేదు. ఎర్త్ లేదని ఆ డబ్బా చెబుతోందన్నమాట. పాత ఇల్లు, ఎర్తింగ్ గుంత ఎప్పుడో ఎండిపోయింది, వైరు కూడా ఎక్కడో తెగిపోయింది. పిలిపించిన ఎలక్ట్రీషియన్ ఏం చేశాడంటే, ప్లగ్గు విప్పి న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే వైరు) నుంచి ఒక ముక్క వైరు తీసి ఎర్త్ పిన్నుకు కలిపేశాడు. పచ్చ లైటు వచ్చింది, అందరూ సంతోషం. ఆ ఎండాకాలం గాలిదుమారానికి స్తంభం దగ్గర సర్వీస్ వైరు న్యూట్రల్ జాయింటు లూజు అయింది. ఇంట్లో లైట్లు మసకబారితే లో వోల్టేజీ అనుకున్నారు, మనకది అలవాటే కదా. చెప్పులు లేకుండా కారు కడుగుతున్న పెద్దావిడకు డోరు పట్టుకుంటే జివ్వుమంది. అప్పుడు నన్ను పిలిచారు.

ఇందులో జరిగిందేమిటో మీకు చెప్పక్కర్లేదు, కానీ ఈ లేఖ చదివే కారు ఓనర్లకు తెలియాలి. న్యూట్రల్‌ను ఎర్త్ పిన్నుకు కలిపితే కారు బాడీ మొత్తం న్యూట్రల్ వైరుతో ముడిపడుతుంది. ఆ న్యూట్రల్ వెనకాల ఎక్కడ తెగినా, ఇంట్లో నడుస్తున్న ఫ్యాను, ఫ్రిజ్ లోంచి వచ్చే ఫేజు (షాక్ కొట్టే కరెంటు) నేరుగా కారు బాడీ మీదికి వస్తుంది. ఇంతకన్నా ఘోరం ఇంకొకటి ఉంది. సర్వీస్ వైరు మార్చినప్పుడు స్తంభం మీద ఫేజు, న్యూట్రల్ తారుమారు కావడం మన దగ్గర అరుదేమీ కాదు, లైన్‌మన్ అన్నలు కోపం తెచ్చుకోవద్దు, చీకట్లో, వానలో పని చేస్తే అవుతుంది. మామూలు ఇంట్లో అలా తారుమారైతే ఫ్యాన్లు, లైట్లు ఎప్పట్లాగే నడుస్తాయి, ఎవరికీ తెలియదు కూడా. ఈ ముక్క వైరు ఉన్న ఇంట్లో మాత్రం ఆ క్షణం నుంచి కారు బాడీ మీద నిండా 230 వోల్టులు. ఛార్జర్‌లో ఎర్ర లైటు పెట్టినవాళ్లు మనల్ని కాపాడదామని పెట్టారు, మనవాళ్లేమో లైటు రంగు మార్చడమే రిపేరు అనుకుంటున్నారు.

ఇలాంటివి చెబితే ఎప్పుడూ వచ్చే జవాబు ఒకటుంది: "ఎమ్‌సీబీ ఉంది కదన్నా, పడిపోతది." పడదు. ఎమ్‌సీబీ అంటే కరెంటు మోతాదు మించితే ఆపేసే స్విచ్చు, లెక్క చూడండి. హనుమకొండ చుట్టుపక్కల అంతా బండరాళ్ల నేల, గుంత తవ్వితే నాలుగడుగులకే బండ తగులుతుంది. బొగ్గు, ఉప్పు వేసి పూడ్చి, తర్వాత ఏళ్ల తరబడి నీళ్లు పోయకపోతే ఎర్త్ రెసిస్టెన్స్ 20 ఓములు ఉండటం పెద్ద విషయం కాదు, ఏప్రిల్, మే నెలల్లో ఇంకా ఎక్కువే. 230 వోల్టులను 20తో భాగిస్తే పదకొండున్నర ఆంపియర్లు. ఛార్జర్‌కు పెట్టింది 32 ఆంపియర్ల ఎమ్‌సీబీ. ఫేజు వైరు కారు బాడీకి తగిలినా ఆ పదకొండున్నర ఆంపియర్లు మట్టిలోకి పోతూనే ఉంటాయి, మీటరు తిరుగుతూనే ఉంటుంది, ఎమ్‌సీబీ కదలదు, బాడీ మీద వోల్టేజీ అలాగే నిలబడి ఉంటుంది. ఎమ్‌సీబీ కాపాడేది వైరును, మనిషిని కాదు. మనిషిని కాపాడేది 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే అంత చిన్న లీకేజీకే కరెంటు తెంచే స్విచ్చు. అది ఉంటే అదే 20 ఓముల చెడ్డ ఎర్తింగ్ మీద కూడా ఫేజు బాడీకి తగిలిన సెకనులో చిన్న భాగంలోనే పడిపోతుంది. మన రాళ్ల నేలలో ఇదెంత ముఖ్యమో వైర్‌మన్ పర్మిట్ ఇచ్చేటప్పుడు ఎవరైనా బల్ల మీద చేసి చూపిస్తున్నారా?

ఆర్‌సీసీబీ పెట్టినచోట ఇంకో తమాషా. పాత ఇంట్లో ఎక్కడో న్యూట్రల్స్ కలిసిపోయి ఉంటే అది మాటిమాటికీ ట్రిప్ అవుతుంది. ఎందుకు అవుతోందో వెతికేంత టైం ఎవరికీ లేదు, ఆర్‌సీసీబీని తప్పించి వైరు డైరెక్ట్ చేస్తారు, డబ్బా మాత్రం అలంకారానికి అలాగే ఉంచుతారు. పెట్టినా ఏది పెట్టారన్నది మరో గొడవ. షాపుకు వెళ్లి ఆర్‌సీసీబీ అంటే చేతికిచ్చేది ఎక్కువగా ‘ఏసీ’ (AC) అనే టైపు. కారు లోపల ఇంటి ఏసీ కరెంటును బ్యాటరీకి కావాల్సిన డీసీ కరెంటుగా మార్చే సరంజామా ఉంటుంది కాబట్టి, లీకేజీలో కొంత డీసీ కలిసి వచ్చే అవకాశం ఉంది. అలాంటి లీకేజీ వచ్చినప్పుడు ఏసీ టైపుది మొద్దుబారిపోతుంది, అవసరమైనప్పుడు పడకపోవచ్చు. కనీసం ‘ఏ’ (A) అనే టైపు కావాలి. డబ్బా మీద చిన్న గుర్తు ఉంటుంది, ఒక్క అల గీత మాత్రమే ఉంటే ఏసీ టైపు, దాని కింద సగం సగం గుబ్బల్లాంటి గీత కూడా ఉంటే ‘ఏ’ (A) టైపు. ఈ ఒక్క గుర్తు గురించి అడిగితే మా అసోసియేషన్ మీటింగుల్లోనే సగం మంది మొహాలు చూసుకుంటారు, షాపులవాళ్ల సంగతి సరేసరి.

వైరు విషయం త్వరగా చెప్పేస్తాను. గీజరు పావుగంట నడిచి ఆగిపోతుంది, ఆ కాస్తలో లూజు స్క్రూ వేడెక్కినా మళ్లీ చల్లారుతుంది. 40 యూనిట్ల బ్యాటరీ ఉన్న కారును 7 కిలోవాట్ల ఛార్జర్ మీద నింపాలంటే సుమారు ఆరు గంటలు, గోడ ప్లగ్గు మీదైతే రాత్రంతా చాలదు. ముప్పై ఆంపియర్లు ఆరు గంటలు ఆగకుండా, మే నెలలో, పగలంతా 44 డిగ్రీల ఎండకు కాగిన గోడలోని పైపులో, ఇంకో నాలుగు వైర్లతో కలిసి. 4 ఎంఎం వైరు సరిపోతుందన్న పాత అలవాటు ఇక్కడ పనికిరాదు. వైరు కొసకు లగ్గు (లోహపు తొడుగు) నొక్కకుండా పోగులు మెలేసి స్క్రూ కింద పెట్టడం, మీటరు దగ్గర అల్యూమినియం సర్వీస్ వైరును రాగి వైరుకు ఉత్తగా చుట్టేయడం, ఇవన్నీ ఫ్యాన్లకు, లైట్లకు నడిచిపోయిన పద్ధతులు. కాలిన ప్లగ్గులు, నల్లబడిన మెయిన్ బోర్డులు నా గోదాంలో ఒక మూల నిండా ఉన్నాయి, ఎవరైనా శిక్షణ పెడతానంటే చూపించడానికి పట్టుకొస్తాను.

నియమాలు లేవా అంటే ఉన్నాయి, గొడవంతా అదే. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనల్లో ఛార్జింగ్ గురించి 2019లోనే చేర్చారు, 2023లో వచ్చిన కొత్త నిబంధనల్లోనూ ఉన్నాయి. ఒక్కో ఛార్జింగ్ పాయింటుకు విడిగా సర్క్యూట్ ఉండాలి, 30 మిల్లీఆంపియర్లకు మించని ఆర్‌సీడీ (ఆర్‌సీసీబీ ఈ రకానిదే) ఉండాలి, అది న్యూట్రల్‌తో సహా అన్ని వైర్లనూ తెంచాలి, కనీసం ‘ఏ’ (A) టైపుకు సమానంగా పని చేయాలి, ఎక్స్‌టెన్షన్ బాక్సులు వాడకూడదు, సాకెట్ నేల నుంచి కనీసం 800 మిల్లీమీటర్ల ఎత్తులో ఉండాలి. అవన్నీ పబ్లిక్ స్టేషన్లకు సార్, ఇళ్లకు కాదు అని వాదించేవాళ్లూ కనిపించారు. షాక్‌కు ఇల్లు, స్టేషన్ తేడా తెలియదు. అదీగాక ఆ ఎత్తు సంగతి వరంగల్ వాళ్లకు వేరే చెప్పాలా? 2020 ఆగస్టులో నయీంనగర్ నాలా పొంగినప్పుడు, 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన కురిసిన ఆ వారంలో మన కాలనీల్లో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో అందరం చూశాం. అపార్టుమెంట్ సెల్లార్‌లో మోకాలి ఎత్తున సాకెట్ పెట్టేవాడికి ఆ రెండు వానలూ గుర్తు లేవా అనిపిస్తుంది. 800 కూడా చాలదు, మన దగ్గర ఛాతీ ఎత్తున పెట్టండి అని నేనైతే చెబుతాను.

పని ఎవరు చేయాలన్నదీ రాసే ఉంది. వినియోగదారుడి ఆవరణలో కొత్త వైరింగ్ అయినా, మార్పు అయినా, లైసెన్స్ ఉన్న కాంట్రాక్టర్ చేయాలి, కాంపిటెన్సీ సర్టిఫికెట్ ఉన్న మనిషి దగ్గరుండి చూడాలి, చేసేవాడికి పర్మిట్ ఉండాలి. బల్బు, ఫ్యాను, ఫ్యూజు, స్విచ్చు లాంటివి మార్చుకోవడానికే మినహాయింపు. 7 కిలోవాట్ల ఛార్జర్ పెట్టడం స్విచ్చు మార్చడం కాదని వేరే చెప్పాలా? మరి ఇన్నేళ్లలో ఫలానా ఇంట్లో ఛార్జర్ ఎవరు పెట్టారని ఏ సెక్షన్ ఆఫీసు నుంచైనా అడిగిన దాఖలా నేను చూడలేదు. పైగా లైసెన్స్ ఉన్నవాళ్లలోనే కొందరు పని చూడకుండా టెస్ట్ రిపోర్టు మీద సంతకం, ముద్ర కొట్టి డబ్బులు తీసుకుంటారన్నది ఈ ఫీల్డులో దాపరికం లేని విషయం. నా తోటివాళ్లకు కోపం వస్తే రానీయండి.

లోడు సంగతి కూడా మీ చేతుల్లోనే ఉంది. ఒకటి, రెండు కిలోవాట్ల శాంక్షన్ లోడు (వాడుకోవడానికి మీరు అనుమతించిన మేర) ఉన్న ఇంట్లో 7 కిలోవాట్ల ఛార్జర్ నడుస్తుంటే మీకు తెలిసేది ట్రాన్స్‌ఫార్మర్ కాలినప్పుడే. ఇంట్లో ఉన్న కనెక్షన్ మీదే బండి ఛార్జ్ చేసుకోవచ్చని కేంద్ర మార్గదర్శకాలు చెబుతున్నాయి, దాన్ని జనం ఎవరికీ చెప్పక్కర్లేదు అని అర్థం చేసుకున్నారు. అదనపు లోడు అడిగితే డిపాజిట్లు కట్టాలని భయం, నెలకు 200 యూనిట్ల దాకా ఉచితంగా ఇచ్చే గృహజ్యోతి ఉన్నవాళ్లకైతే జీరో బిల్లు పోతుందని ఇంకో భయం. (ఆ 40 యూనిట్ల కారునే నెలలో ఐదుసార్లు ఫుల్ చేస్తే 200 యూనిట్లు దానికే అయిపోతాయి, దాచినా దాగదు.) ఒక గల్లీకి 63 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ ఉందనుకుందాం, రాత్రి పది గంటలకు ఎనిమిది ఇళ్లలో ఛార్జర్లు ఒకేసారి ఆన్ అయితే వాటికే 56 కిలోవాట్లు, ఏసీల సంగతి ఇక చెప్పేదేముంది.

బ్రిటన్‌లో దీన్ని ఎలా చేశారో చూస్తే మనకు కొత్తగా కనిపెట్టాల్సిన పని లేదు. అక్కడి వైరింగ్ నిబంధనలు బీఎస్ 7671లో బండ్ల ఛార్జింగ్‌కే 722 అని ఒక సెక్షన్ ఉంది, పని చేస్తున్న ఎలక్ట్రీషియన్లకు దాని మీద చిన్న కోర్సులున్నాయి, ఇంటి ఛార్జర్‌కు ప్రభుత్వ సాయం కావాలంటే గుర్తింపు పొందిన ఇన్‌స్టాలరే బిగించాలని షరతు పెట్టారు. ఆ షరతే అసలు కీలకం. మనం కూడా ట్యాక్స్ మాఫీ ఇస్తున్నాం, కానీ ఇంట్లో వైరు ఎవరు లాగారన్న ప్రశ్న దానికి జోడించలేదు.

ఐటీఐల సంగతికొస్తే, రాష్ట్రంలో 65 ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని చేపట్టారు, అందులో కరెంటు బండ్ల మెకానిక్ కోర్సు కూడా పెట్టారు. సంతోషం. బండి బాగు చేసేవాడు తయారవుతాడు. బండికి ఇంట్లో కరెంటు ఇచ్చేవాడి మాట ఎవరూ ఎత్తలేదు. రెండేళ్లు ఎలక్ట్రీషియన్ ట్రేడ్ చదివి వచ్చిన పిల్లలు మోటారు వైండింగ్ చక్కగా చేస్తారు, ఎర్త్ టెస్టర్ మాత్రం పరీక్ష రోజే చూసి ఉంటారు. టెస్ట్ ల్యాంపు వెలిగితే ఎర్త్ ఉన్నట్టే అని నమ్మేవాళ్లను నేను ఇప్పటికీ పనిలో పెట్టుకున్న మొదటి వారమే మాన్పించాల్సి వస్తోంది.

కాబట్టి అడిగేది ఇది. పెద్ద పథకాలు వద్దు. ఇప్పటికే పర్మిట్ ఉన్నవాళ్లకు రెండు మూడు రోజుల శిక్షణ పెట్టండి, వరంగల్‌లో, కరీంనగర్‌లో, నిజామాబాద్‌లో, ఆదిలాబాద్‌లో. స్లైడ్లు చూపించి చాయ్ తాగించి సర్టిఫికెట్ ఇచ్చే రకం వద్దు. ఎర్త్ రెసిస్టెన్స్ కొలవాలి, మెగ్గర్ (వైరు ఇన్సులేషన్ కొలిచే మీటరు) పట్టాలి, ఆర్‌సీసీబీ ఎన్ని మిల్లీసెకన్లలో పడుతోందో టెస్టర్‌తో చూడాలి, కావాలని తప్పుగా కట్టిన బోర్డు ముందు నిలబెట్టి ఇందులో తప్పేంటో పట్టమనాలి. పట్టినవాడి పర్మిట్ మీద ఛార్జర్ పనికి అర్హత అని ఒక ముద్ర వేయండి. పట్టలేనివాడిని మళ్లీ రమ్మనండి. పరీక్ష తెలుగులో ఉండాలి, చేసి చూపించేదిగా ఉండాలి, ఎందుకంటే పాతికేళ్లుగా ఈ పని చేస్తూ పర్మిట్ లేనివాళ్లు నర్సంపేట నుంచి సిర్పూర్ దాకా వేలల్లో ఉంటారు, వాళ్లను నేరస్తుల్లా చూస్తే దొంగచాటుగా చేస్తూనే ఉంటారు. వాళ్లలో కొందరు నాకన్నా మంచి పనివాళ్లు, ఆ మాట దాచుకోను. వాళ్లు లోపలికి వచ్చే దారి ఒకటి తెరవండి, ఫీజు ఒక రోజు కూలి దాటకుండా పెట్టండి.

ఆ ముద్ర ఉన్నవాళ్ల పేర్లు ప్రతి సెక్షన్ ఆఫీసు గోడ మీద, మీ వెబ్‌సైట్‌లో పెట్టండి. అదనపు లోడు దరఖాస్తులో కారు ఛార్జర్ ఉందా అని ఒక గడి పెట్టి, ఉంటే ఎర్త్ విలువ, ఆర్‌సీసీబీ టైపు, వైరు సైజు, చేసినవాడి పర్మిట్ నంబరు రాయించండి. పదింటిలో ఒకటైనా అసిస్టెంట్ ఇంజినీర్ (ఏఈ) గారు వెళ్లి చూస్తే చాలు, మిగతా తొమ్మిది వాటంతట అవే సరిగ్గా ఉంటాయి. షోరూంలకు కూడా ఒక సర్క్యులర్ పంపండి, మీ తరఫున వైరింగ్ చేసేవాడి పర్మిట్ కాపీ కస్టమర్‌కు ఇవ్వాల్సిందేనని. సిరిసిల్ల వైపు కరెంటు ఇచ్చేది మీరు కాదు, అక్కడ సెస్ సహకార సంఘం ఉంది, వాళ్లను కూడా కలుపుకోండి, అక్కడివాళ్లు మా దగ్గరికి పనికి వస్తారు, మేం అక్కడికి వెళ్తాం.

ఇదంతా అయ్యేదాకా కారు ఉన్నవాళ్లకు ఒక్క మాట. ఛార్జర్ పక్కన ఉన్న ఆర్‌సీసీబీ మీద టి అని రాసి ఒక చిన్న బటన్ ఉంటుంది, కరెంటు ఉన్నప్పుడు ఈ రోజే నొక్కి చూడండి. పడకపోతే ఛార్జింగ్ ఆపి ఈ పని బాగా తెలిసినవాళ్లను పిలవండి. అసలు ఆ బటనే లేకపోతే ఈ లేఖ మీ ఇంటి గురించే. పడినంత మాత్రాన ఎర్తింగ్ బాగుందని కాదు, అది విడిగా కొలిపించుకోవాల్సిందే.

శిక్షణకు వరంగల్ ప్రభుత్వ ఐటీఐలో ఒక షెడ్డు ఇప్పిస్తే బోర్డులు, వైర్లు, కాలిన సామాను మా కాంట్రాక్టర్లం కొందరం కలిసి తెస్తాం, నేర్పడానికి కూడా డబ్బులు అడగం. ఎన్ఐటీలో ఎలక్ట్రికల్ విభాగం సార్లు ఒక పూట వచ్చి డీసీ లీకేజీ సంగతి చెబితే ఇంకా మంచిది. పెట్టేది మాత్రం శ్రావణం వెళ్లాక పెట్టండి, ఆ నెలంతా గృహప్రవేశాలే, ఒక్క ఎలక్ట్రీషియన్ కూడా రాడు.

ఇట్లు,
హనుమకొండ నుంచి ఒక ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్